లేని రైలుకు తట్టెడు మట్టి

ఎన్నడూ నడవని రైలుకు చరిత్ర ఉంటుందా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. కాని అటువంటి రైలుమార్గాన్నొకదాన్ని కొన్నేళ్ళుగా కంప్యూటరులో నిర్మిస్తున్న నాకు, చరిత్ర లేనిదే ఆ దారి పక్కన ఒక్క తాటిచెట్టు కూడా నాటలేమని తెలిసివచ్చింది. ఆ చెట్టు అక్కడెందుకు ఉంది? ఆ గట్టు ఎవరు వేశారు? రైలు ఈ వాగును ఇక్కడే ఎందుకు దాటింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోకుండా అమర్చిన దృశ్యం పెళ్ళిపందిట్లో తగిలించిన రంగుతెరలా ఉంటుంది.

రైలు సిమ్యులేటర్ల గూర్చి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇంజను నడిపిన అనుభూతిని కంప్యూటరు తెరమీద కలిగించే ఆటలివి. వీటిలో బాగా పేరు పొందిన రెండూ 2001లోనే వచ్చాయి. ఒకటి మైక్రోసాఫ్ట్ వారి ట్రెయిన్ సిమ్యులేటర్. రెండవది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరానికి చెందిన ఆరన్ అనే సంస్థ తయారుచేసిన ట్రెయిన్జ్. రెండింటిలోనూ నడపడమే కాదు, పట్టాలు పరచి, కొండలు లేపి, ఊళ్ళు కట్టి స్వంత మార్గాన్ని నిర్మించుకొనే వీలుంది. ట్రెయిన్జ్‌లో ఆ పని చేసే భాగానికి ‘సర్వేయర్’ అని పేరు పెట్టారు. చాలామంది ఇంజను తోలడానికని వచ్చి సర్వేయర్‌లో చిక్కుకుపోతారు. నేనూ ఆ బాపతే.

నా మార్గం నారో గేజి, అంటే పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు. మన పాత లెక్కలో రెండున్నర అడుగులు. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర మొదలై, ఈశాన్యంగా మహేంద్రగిరి పాదాల వైపు 18 కిలోమీటర్లు సాగుతుంది. కాలం 1935. అటువంటి లైను ఏనాడూ లేదు. అయితే అది వచ్చి కలిసే పెద్దలైను మాత్రం ఉండేది. పెద్దలైను అంటున్నానే గాని అదీ చిన్న రైలే! నౌపడా నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, ఆపైన గుణుపురానికి నడిచిన పర్లాకిమిడి లైట్ రైల్వే అది.

దాని కథ క్లుప్తంగా ఇది. మద్రాసు–కలకత్తా రైలుమార్గం 1890లలో తీరం వెంబడి పడింది. ఆ దారి పర్లాకిమిడిని తాకలేదు. తన ఊరిని నౌపడాతో కలపాలని అక్కడి జమీందారు గౌరచంద్ర గజపతి పూనుకొన్నారు. 1900లో పర్లాకిమిడి వరకు బండి నడిచింది. తొలి ఏళ్ళలో నష్టాలే. మెల్లగా లాభాలు కనిపించాక మార్గాన్ని పొడిగించి 1931 నాటికి గుణుపురం చేర్చారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. 2004లో బ్రాడ్ గేజిగా మార్చడానికి ఈ లైనును మూసివేశారు. 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద బండి వచ్చింది. జనానికి మేలే జరిగింది, అందులో సందేహం లేదు. కాని చిన్న బండికి సరిపోయిన కట్ట పెద్ద బండికి చాలదు. కట్టను వెడల్పు చేయాలి, వంతెనలు మార్చాలి, మలుపులు సవరించాలి. అలా కొత్త దారి పాత దారినే తనలో కలిపేసుకొంటుంది.

మరి ఆ నిజమైన లైనునే ఎందుకు నిర్మించలేదని మిత్రులు అడుగుతుంటారు. నా అభిప్రాయం ఇది. స్టేషన్ల పేర్లు, దూరాలు, తేదీలు కాగితాల మీద మిగులుతాయి. ఫలానా మైలురాయి దగ్గర పాక ఉందా, పొలముందా, ఆ పాకలో ఎవరున్నారు అన్నది ఏ రైల్వే కాగితమూ రాయదు. తొంభై కిలోమీటర్ల పొడవునా అటువంటి ఖాళీలను నా ఊహతో నింపి, దానికి ‘పర్లాకిమిడి లైట్ రైల్వే’ అని నిజం పేరు పెడితే, చూసేవారు అదే నిజమనుకొంటారు. అంతర్జాలంలో ఒక బొమ్మ ఎక్కడినుంచి ఎక్కడికి పాకుతుందో చెప్పలేం. పాత రైలును చూసినవారు తగ్గిపోతున్నకొద్దీ, తెరమీది బొమ్మను కాదని చెప్పేవారూ తగ్గిపోతారు. అందుకే కల్పితమని పైకి చెప్పుకొనే లైనును ఎంచుకొన్నాను.

ఈ దారిలో నాకంటే ముందు నడిచిన ఘనులున్నారు. థామస్ అనే రైలింజను కథలు చదవని పిల్లలు ఇప్పుడు అరుదేమో. ఆ కథలు రాసిన డబ్ల్యూ. ఆడ్రీ ఇంగ్లండులో ఒక చర్చి ఫాదరు. తొలి పుస్తకం 1945లో వచ్చింది. బొమ్మల్లో ఒకచోట ఉన్న పట్టాలు మరొకచోట మారిపోతే చిన్న పాఠకులు ఊరుకోలేదు, ఉత్తరాలు రాసి నిలదీశారు. పిల్లలకు సమాధానం చెప్పడానికి ఆడ్రీ, ఆయన తమ్ముడు జార్జ్ కలిసి ఏకంగా ఒక ద్వీపాన్నే సృష్టించారు. అదే సోడార్. ఆ పేరు వెనక చమత్కారముంది. ఇంగ్లండు చర్చిలో ‘సోడార్ అండ్ మాన్’ బిషప్పు అనే పదవి ఉంది. మాన్ అనే దీవి ఉంది గాని సోడార్ అనే దీవి లేదు. ఆ లేని దీవిని అన్నదమ్ములు సముద్రంలో నిలబెట్టారు. దాని గనులు, నదులు, పాత రాజులు, భాష, అన్నిటినీ కూర్చుకొంటూ పోయి 1987లో పెద్ద పుస్తకంగా అచ్చు వేశారు. అందులోని చిన్న రైలు, వేల్స్‌లో 1865 నుంచి ఉన్న టాలిలిన్ రైల్వేకి ప్రతిరూపం. మూతపడబోయిన ఆ రైలును 1951 నుంచి స్వచ్ఛంద సేవకులే నడుపుకొంటూ వస్తున్నారు. ఆడ్రీ స్వయంగా అక్కడ పనిచేశారు.

ఎడింబరో నగరంలో పి.డి. హాన్‌కాక్ అనే ఆయన 1949లో ‘క్రెయిగ్ అండ్ మెర్టన్‌ఫర్డ్’ అనే కల్పిత లైట్ రైల్వేను బల్లమీద బొమ్మగా కట్టడం మొదలుపెట్టి దశాబ్దాలు దానితోనే గడిపారు. కాలపట్టికలు, సరుకులు, ఊళ్ళు అన్నీ ఉన్న లోకమది. నారో గేజి బొమ్మరైళ్ళు కట్టేవారికి అది పెద్ద ప్రేరణ అయ్యింది.

కల్పిత రైళ్ళు కట్టేవారు నారో గేజినే ఎందుకు ఇష్టపడతారు? చిన్నదిగా, ముద్దుగా ఉంటుందని పైకి కనిపించే కారణం. నిజానికి నారో గేజి రైలుకూ నేలకూ ఉన్నంత దగ్గరతనం పెద్ద రైలుకు ఉండదు. పెద్ద రైలు కొండను తొలుచుకు పోతుంది. చిన్న రైలు కొండను బతిమాలుకొని పక్కగా పోతుంది. వేల్స్‌లో 1836లో తెరచిన ఫెస్టినియోగ్ రైల్వేనే చూడండి. పలకరాతి గనులు పైన, ఓడరేవు కింద. సర్వే చేసినవారు దారంతా ఒకే దిక్కుకు వాలేలా గీశారు. రాళ్ళ బండ్లు తమ బరువుతోనే కిందికి జారేవి. వాటి వెంట గుర్రాలు కూడా ఒక పెట్టెలో నిలబడి దిగేవి! ఖాళీ బండ్లను మళ్ళీ పైకి లాగడం వాటి పని. 1863లో ఆవిరి యంత్రాలు వచ్చేదాకా ఇదే తంతు. ఆ దారిలోని ప్రతి వంపుకూ కారణం సరుకు, వాలు, ఖర్చు. ఈ మూడూ తెలిస్తే మిగతా దృశ్యం దానంతటదే వస్తుంది.

కాబట్టి నా లైనుకూ ముందుగా సరుకు వెతికాను. నౌపడా ఉప్పుకు పేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు మీద ప్రభుత్వానికి గుత్తాధికారం ఉండేది. తీరాన పండిన ఉప్పు కొండల్లోకి పోక తప్పదు, కొండవాళ్ళకు మరో దారి లేదు. పైకి ఉప్పు, కిరసనాయిలు, బట్టలు. కిందికి చింతపండు, కలప, వడ్లు. రైలు రాకముందు ఇదంతా ఎద్దుల మీద నడిచిన వ్యాపారమే. అంటే నా ఊహారైలు పాత ఎడ్లబాటను అనుసరించాలి. ఎడ్లబాట నీళ్ళున్నచోట ఆగుతుంది. ఆవిరి ఇంజనుకూ నీళ్ళే కావాలి. ఈ లెక్కన నా స్టేషన్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించే స్వేచ్ఛ నాకు పెద్దగా మిగలలేదు. సంతోషించాను.

ఖర్చు సంగతి. రెండున్నర అడుగుల గేజి మన దేశంలో విరివిగా వ్యాపించడంలో ఇ.ఆర్. కాల్త్రాప్ అనే ఇంజనీరు పాత్ర ఉంది. షోలాపూరు ప్రాంతంలో 1897లో నడిచిన బార్సీ లైట్ రైల్వే ఆయనదే. ఒక్కో ఇరుసు మీద 5 టన్నులకు మించి బరువు పడకుండా బండ్లను రూపొందిస్తే తేలికపాటి పట్టాలు చాలునని ఆయన వాదన. తేలిక పట్టాలు, బిగువైన మలుపులు. 1903లో తెరచిన కాల్కా–సిమ్లా లైనులో 37 మీటర్ల అర్ధవ్యాసంతో కూడా మలుపులున్నాయి. నా లైనులో అంత అవసరం పడలేదు. వాగు మలుపు దగ్గర 80 మీటర్లతో గట్టెక్కాను.

ఇక నేల. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక పదకొండు రోజుల పాటు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో భూతలపు ఎత్తులు కొలిచింది. ఆ కొలతలు ఉచితంగా దొరుకుతాయి. మొదట మనకు 90 మీటర్లకొక కొలత చొప్పున ఇచ్చారు. 2014 తర్వాత 30 మీటర్లకొకటి. వీటిని సిమ్యులేటరులోకి దించితే 1,501 మీటర్ల మహేంద్రగిరి కళ్ళముందు లేచి నిలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. అయితే రాడార్‌కు నేలకూ చెట్ల తలలకూ తేడా సరిగా తెలియదు. దట్టమైన అడవి ఉన్నచోట నేల కొన్ని మీటర్లు ఎత్తుగా కనిపిస్తుంది. పైగా అది 2000 నాటి నేల. 1935 నాటికి లేని రోడ్డుకట్టలు, కాలువగట్లు అందులో ఉంటాయి. ఒక్కొక్కటే వెతికి చదును చేస్తూ పోవాలి. పురావస్తుశాఖవారు పొరలు తవ్వుతారే, ఆ పనే తెరమీద.

నేను ఎక్కువ కాలం గడిపింది ఒక మట్టికట్ట దగ్గర. మూడవ కిలోమీటరు నుంచి ఆరవ కిలోమీటరు వరకు లైను వరిపొలాల మీదుగా పోతుంది. వానాకాలం నీళ్ళు నిలిచే పల్లపు నేల. రైలు రెండు మీటర్ల ఎత్తు కట్ట మీద నడవాలి. ట్రెయిన్జ్‌లో తొలినాళ్ళలో నేలను 10 మీటర్ల గళ్ళ వలగా విభజించారు. తర్వాతి రూపాలలో 5 మీటర్లయ్యింది, ఇటీవల ఇంకా సన్ననిది వచ్చింది. నా మార్గం పాత రూపంలో మొదలైంది గనుక పది మీటర్ల గళ్ళతోనే నెట్టుకొస్తున్నాను. చిన్న రైలు కట్ట పైభాగం మూడు మీటర్లు. పది మీటర్ల గడిలో మూడు మీటర్ల కట్ట ఎలా ఇముడుతుంది? నేలను లేపితే చిన్న రైలు కాస్తా జాతీయ రహదారి మీద నడుస్తున్నట్టు ఉంటుంది. అందుకని కట్టను నేలగా కాకుండా, కంచెలాగా పొడవునా సాగే ఒక వస్తువుగా విడిగా తయారుచేసి పట్టాల కింద పెడతారు. అదంతా చేశాను. కొలతలు సరిపోయాయి, పచ్చిక రంగు కుదిరింది. అయినా ఏదో వెలితి.

వెలితి ఏమిటంటే, ఆ మట్టి ఎక్కడినుంచీ రాలేదు.

మన దేశంలో ఏ పాత రైలుకట్ట పక్కనైనా చూడండి, పొడుగునా గుంటలుంటాయి. వానాకాలం నిండి, కలువలు పూసి, కొంగలు వాలి కనిపిస్తాయి. ప్రయాణికులు వాటిని చెరువులనుకొంటారు. అవి కట్టకు మట్టి తవ్విన గుంటలు. రెండు మీటర్ల ఎత్తు, పైన మూడు మీటర్లు, వాలులతో కలిపి అడుగున తొమ్మిది మీటర్లు ఉన్న కట్టకు అడ్డుకోత వైశాల్యం 12 చదరపు మీటర్లు. కిలోమీటరుకు 12,000 ఘనపు మీటర్ల మట్టి. కట్టకు రెండు పక్కలా పది మీటర్ల వెడల్పున 60 సెంటీమీటర్లు తవ్వితే సరిగ్గా ఆ మట్టి వస్తుంది. పది మీటర్ల గడి ఇన్నాళ్ళకు పనికివచ్చింది!

తట్టకు 20 లీటర్ల మట్టి పడుతుందనుకొందాం. ఘనపు మీటరుకు 50 తట్టలు. కిలోమీటరు కట్టకు 6 లక్షల తట్టలు. నా మూడు కిలోమీటర్లకు 18 లక్షలు. తవ్వేది ఒకరు, ఎత్తి తలమీద పెట్టేది ఒకరు, మోసుకొని వాలు ఎక్కేది ఒకరు. మోసినవారిలో ఆడవాళ్ళు ఎక్కువగానే ఉండేవారు. మన దక్షిణాదిన మట్టిపని, రాతిపని కులవృత్తిగా చేసినవారు వడ్డెరలు. చెరువులు, కాలువలు, కోటలు, రైలుకట్టలు, అన్నిటిలో వారి చెమట ఉంది. శంకుస్థాపన పలకల మీద పేర్లు మాత్రం వేరేవారివి. మౌసు పట్టుకొని రెండు క్షణాలు లాగితే లేచే కట్టలో ఈ 18 లక్షల తట్టలు మాయమవుతాయి. సిమ్యులేటరు చెప్పే పెద్ద అబద్ధం ఇదేనని నాకనిపిస్తుంది. ఇంజను చప్పుడు నిజంలాగే ఉంటుంది, పొగ నిజంలాగే ఉంటుంది, మట్టి మాత్రం ఊరికే వస్తుంది.

గుంటలు తవ్వడం మొదలుపెట్టాను. తవ్వుతుంటే మరో సంగతి తట్టింది. పాతకాలపు మట్టిపనిలో గుంట నడుమ అక్కడక్కడా తవ్వకుండా ఒక్కో మట్టిదిమ్మను వదిలేవారు. గుంట ఎంత లోతు తవ్వారో కొలిచి కూలి లెక్కగట్టడానికి ఆ దిమ్మే సాక్షి. కూలి ముట్టాక దిమ్మను తీసేయడమూ ఉంది, అలాగే వదిలేయడమూ ఉంది. నా గుంటల్లో వాటిని అక్కడక్కడా వదిలాను, పైన గడ్డి మొలిపించాను. పట్టాలు పడి చాలా ఏళ్ళయినట్టు వానకు అంచులు కరిగించాను. రైలు పెట్టెలోంచి చూసేవారికి అవి నీళ్ళలో చిన్న చిన్న ద్వీపాల్లా కనిపిస్తాయి. ఎవరూ గమనించకపోవచ్చు. కాని ఆ రోజు తర్వాత కట్ట మీద వెలితి లేదు.

చెట్ల గూర్చి త్వరగా చెప్పేస్తాను. ఈ ఆటల్లో దొరికే చెట్లలో ఎక్కువ పాశ్చాత్య దేశాలవి. తయారుచేసినది ఆస్ట్రేలియావారు గనుక యూకలిప్టస్‌కు కొదవలేదు. 1935లో మన కొండపాదాన యూకలిప్టస్ తోపులు పెడితే నవ్విపోతారు. తాడి, చింత, మామిడి, పనస, ఇప్ప, వీటిని ఫోటోలనుంచి కత్తిరించి చేసుకోవలసి వచ్చింది. చింతకు ఆకులు చిన్నవి కావడంతో దూరం నుంచి చూస్తే ఆకుపచ్చ పొగలా ఉంటుంది. ఇప్పటికీ నాకు పూర్తి తృప్తి లేదు.

చెట్లకన్నా కష్టపెట్టినది స్టేషను పలక. పేర్లతో పేచీ రాలేదు. ఆ ప్రాంతపు ఊరిపేర్లే ఒక చరిత్ర. మైదానంలో ‘వలస’తో ముగిసే పేర్లు కోకొల్లలు. ఎవరో ఎక్కడినుంచో వచ్చి దిగినట్టు ఆ పేరే చెబుతుంది. కొండదరిన ‘గూడ’లు మొదలవుతాయి. నా మొదటి స్టేషను ఏటొడ్డువలస, చివరిది కొండమొదలుగూడ. రెండూ నేను కల్పించుకొన్నవి. ఇవి ఏ లిపిలో రాయాలి? ఇంగ్లీషు ఎలాగూ ఉంటుంది. దాని కింద తెలుగా, ఒడియానా? ఏది ముందు?

1935ను నేను ఊరికే ఎంచుకోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యింది. పర్లాకిమిడి, గుణుపురం అటు పోయాయి. పాతపట్నం, టెక్కలి మద్రాసులోనే ఉండిపోయాయి. మహేంద్రతనయకు ఈవల పాతపట్నం, ఆవల పర్లాకిమిడి, నడుమ ఒక సరిహద్దు. అరగంట క్రితం దాకా ఒక ఊరిలో ఉన్నట్టే తిరిగినవారు రెండు రాష్ట్రాలవారయ్యారు. పర్లాకిమిడిలో దశాబ్దాలు గడిపి, వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆ నిర్ణయం పట్ల ఆయనకున్న నిరసన తెలిసినదే. ఒడియావారి వైపు నుంచి చూస్తే, చెదిరిపోయిన తమ భాషాప్రాంతాలు ఒకచోటికి చేరడమది. ఎవరి బాధ, ఎవరి సంతోషం వారివి. నేను తీర్పరిని కాను.

కాని ఈ ఇద్దరి తగవులోనూ పలకమీద చోటు దక్కనివారు ఒకరున్నారు. నా లైను చివర ఉండేది సవరలు. గిడుగువారు వారి భాష నేర్చుకొని, తెలుగు లిపిలో వారికి వాచకాలు రాశారు, 1931లో సవర వ్యాకరణం ప్రకటించారు. 1936లోనే మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సోంపెంగ్ అనే స్వంత లిపిని రూపొందించారు. అంటే నా కాలం 1935లో ఆ లిపి ఇంకా పుట్టలేదు. ఒక్క ఏడాది తేడా! సంవత్సరాన్ని 1937కు మారుద్దామా అని చాలాకాలం ఊగిసలాడాను. మార్చినా, ఆనాటి రైల్వే ఆ లిపిని పలకకు ఎక్కించేదా? ఎక్కించేది కాదు. నేను ఎక్కిస్తే, జరగని న్యాయాన్ని జరిగినట్టు చూపినవాణ్ణవుతాను. ఊహారైలులో ఊరును కల్పించవచ్చు, వాగును కొంచెం జరపవచ్చు. ఆనాటి అధికారులకు లేని పెద్దమనసును వారికి అంటగట్టడం మాత్రం నాకు ఒప్పుదల కాలేదు.

చివరికి ఏటొడ్డువలస పలకమీద ఇంగ్లీషు, తెలుగు, ఒడియా, ఈ వరసలో రాశాను. కొండమొదలుగూడలో ఒడియాను ముందుకు తెచ్చాను. సంతకు దిగే సవరలు పేర్లు చదువుకొని బండి ఎక్కరు, బండి చప్పుడు విని వస్తారు. అందుకని అక్కడ ఇంజను కూత ప్లాట్‌ఫారానికి ముప్పాతిక మైలు ముందే, వాగు మలుపులో వినబడేలా ఒక కూతపలక పాతాను. ఆ పలక మీద ఏ భాషా లేదు.

మార్గాన్ని మిత్రులకు ఇచ్చేటప్పుడు వివరణలో మొదటి వాక్యంగా, ఈ లైను ఎన్నడూ లేదని, ఇందులోని రెండు స్టేషన్ల పేర్లూ కల్పితమని రాశాను. రెండవ వాక్యంలో నౌపడా–గుణుపురం లైను నిజంగా ఉండేదని, 1900 నుంచి 2004 వరకు చిన్న రైలుగా నడిచిందని రాశాను. ఒకరు చదివి, కల్పితమన్న మాట తీసేస్తే బాగుంటుందని, భ్రమ చెడుతోందని అన్నారు. తీయలేదు.

ప్రస్తుతం నాలుగవ కిలోమీటరు దాకా గుంటలు పూర్తయ్యాయి. ఇంకా రెండు కిలోమీటర్లు తవ్వాలి. అయిదవ కిలోమీటరులో పొలాల నీరు కట్ట కింద నుంచి పోవడానికి ఒక రాతితూము కావాలి. ఎగువ పొలం రైతుకు, దిగువ పొలం రైతుకు నీళ్ళ తగవు రాకుండా దాన్ని ఏ మట్టంలో పెట్టాలో ఇంకా తేలలేదు.